మేఘమునకు కావలి

గత సంవత్సరము మన పాఠశాలకు కలిగిన నష్టమును గూర్చి ఈ పత్రికను చదువువారిలో పెక్కుమంది వినియేయుందురు. దానిని దాచుటవలన ప్రయోజనము లేదు. మా హైదరాబాదు ప్రయాణమునకు ఆ నష్టమే కారణము గావున, ముందుగా దానిని చెప్పి పిదప ప్రయాణవృత్తాంతమునకు వచ్చెదము.

మే మిరువురము ఈ పాఠశాలలో గణితబోధకులము. కంప్యూటరు గది తాళపుచెవియు మాయొద్దనే యుండును. కార్యాలయమునందలి పాత అడ్మిషను రిజిస్టర్లు చెదలు పట్టి పుటలు రాలిపోవుచుండగా, రెండు వేసవి సెలవులలో కూర్చుండి వానిని పుటపుటయు స్కాను చేసి ఒక కంప్యూటరునందు భద్రపఱచితిమి. ప్రతి రాత్రియు ఆ కంప్యూటరు తనంతట తానే మఱియొక డిస్కునందు నకలు వ్రాసికొనునట్లు ఏర్పాటు చేసితిమి. నెలకొకసారి ఉపాధ్యాయుల సమావేశమున ప్రధానోపాధ్యాయులవారు "నకలు సరిగా వ్రాయబడుచున్నదా?" అని యడుగుదురు. "వ్రాయబడుచున్నదండీ" అని మేము చెప్పుదుము. ఆ మాట చెప్పుటకు ముందు ఒక్కసారియైనను ఆ డిస్కును తెఱచి చూడలేదు. కంప్యూటరు ఏ ఫిర్యాదును చేయలేదు గనుక అంతయు సవ్యముగానే యున్నదని తలంచితిమి. స్కాను చేసితిమి గదా యను ధైర్యముతో కాగితపు రిజిస్టర్లను వరండా ప్రక్కగదికి మార్చితిమి. వానకాలమున అవి తడిసి ముద్దయైనవి.

కార్తికమాసమున మొదటి డిస్కు చెడిపోయెను. రెండవదానిని తెఱచి చూడగా చైత్రమునుండి ఒక్క పుటయు దానికి చేరియుండలేదు. అది నిండిపోయినది, నిండినదని యెవరికిని చెప్పలేదు, నిండినపుడు చెప్పుమని మేమును దానికి నేర్పలేదు. రెండవ వేసవి శ్రమయంతయు పోయెను.

కొన్ని దినములకు ఒక వృద్ధురాలు వచ్చెను. తాను ఈ పాఠశాలలో ఎనిమిదవ తరగతి వఱకు చదివితిననియు, పింఛనుకొఱకు పుట్టినతేదీకి ఋజువు కావలెననియు చెప్పెను. ఆమె చదివిన సంవత్సరముల రిజిస్టర్లు పోయినవానిలోనే యున్నవి. "నా పేరు పుస్తకములో లేదా, నాయనా?" అని యడిగెను. "ఉండెనమ్మా, ఇప్పుడు లేదు" అని చెప్పవలసివచ్చెను. ఆ యమ్మ మమ్ము నొక్క మాటయైనను అనలేదు. అనియున్న మాకు కొంత తేలికగా నుండెడిది.

అట్టి తరుణమున హైదరాబాదునందు ఉద్యోగము చేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున సొంత క్లౌడు నిర్మాణమును గూర్చియు దాని పర్యవేక్షణమును గూర్చియు ఒకదినపు సభ జరుగనున్నదని మాకు తెలియజేసెను. ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చుచు, "ఈసారి నమ్మి రావలదు, తెలిసికొని రండు" అనిరి. ఆ మాటను మూటగట్టుకొని రాత్రి రైలెక్కి, తెల్లవాఱుసరికి సికింద్రాబాదు చేరి, సిటీబస్సులో తార్నాకకు పోయి దిగితిమి.

తార్నాక యన్న పేరునకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి యొకటి కలదు. తార్ అనగా ఉర్దూలో తీగ. నాకా యనగా కావలి చౌకీ. నిజాముల కాలమున ఇచట ఒక తోట యుండెననియు, దానిచుట్టు ముండ్లతీగ కట్టి కావలివాని నుంచిరనియు, అందువలన ఆ పేరు నిలిచెననియు చెప్పుదురు. నేడు తోట లేదు. 2017లో నడువ నారంభించిన మెట్రో రైలు తలపై సాగుచుండును. క్రింద బస్సులు, ఆటోలు, విద్యార్థులు. అచటినుండి విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచిపోయితిమి. 1918లో స్థాపింపబడి, ఉన్నతవిద్యను ఇంగ్లీషున గాక ఉర్దూభాషలో బోధించుటకు పూనుకొన్న విద్యాలయమిది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతికట్టడము ఉదయపుటెండలో లేతగులాబి చాయతో నిలిచి చూపరుల నాకర్షించుచుండెను. చూచుచు నిలిచినచో సభకు ఆలస్యమగునని త్వరగా సాగితిమి.

సభలో సుమారు నూఱుమంది యుండిరి. అధికులు మా శిష్యుల వయస్సువారు. తొలి యుపన్యాసకుడు మేఘమన నేమో విప్పి చెప్పెను. బాలబాలికలకొఱకు దానిని మా మాటలలో వ్రాయుచున్నాము. క్లౌడు ఆకాశమున నుండునది కాదు. ఎక్కడనో ఒక చల్లని గదిలో బీరువాలవంటి చట్రములయందు పేర్చిన కంప్యూటర్లే అది. ఒక పెద్దయింటిని గదులుగా విడదీసి పలు కుటుంబముల నుంచినట్లు, ఒక్క గట్టి కంప్యూటరును పెక్కు చిన్న కంప్యూటర్లుగా విడదీయు నేర్పు కలదు. 2007లో లినక్సునందు చేరిన కేవీఎం అట్టిది. ఇతరుల క్లౌడును అద్దెకు పుచ్చుకొనుట ట్యాంకరు నీటిని కొనుటవంటిది. సొంత క్లౌడన్నచో మన పెరటిలో మనము త్రవ్వుకొన్న నూయి. నీటికి వెల నీయనక్కఱలేదు. గాని పూడిక తీయువారమును మనమే.

అట్టి నూతిని త్రవ్వుటకు ఓపెన్‌స్టాక్ అను ఉచిత సాధనసమూహము కలదు. దానిని అమెరికాలోని నాసాయు, ర్యాక్‌స్పేస్ అను సంస్థయు కలిసి 2010లో ఆరంభించినవి. అందు నోవా కంప్యూటర్లను, సిండరు డిస్కులను, న్యూట్రాను వలను సమకూర్చును, కీస్టోను "నీవెవరవు?" అని వాకిట నిలిచి యడుగును. జెనీవాయొద్ద అణుగర్భమును శోధించు సెర్న్ సంస్థ 2013నుండి తన గణనకార్యమును దీనిపై నడపుచున్నది. మన భారతప్రభుత్వమును తన శాఖలకొఱకు సొంత మేఘమును కట్టుకొని, దానికి మేఘరాజ్ అని పేరిడినది. తల్లిదండ్రు లొక్క సంగతిని గమనింతురుగాక: 2023నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టము పదునెనిమిదేండ్లలోపు పిల్లల సమాచారమును వాడుటకు తలిదండ్రుల సమ్మతిని కోరుచున్నది. కావున పిల్లల వివరములు ఎవరి గదిలో నున్నవో యెఱుగుట పాఠశాలకు చిన్న విషయము కాదు.

ఇంతవఱకు విని మేము సంతోషించితిమి. మధ్యాహ్నము జరిగిన ఉపన్యాసము మమ్ము తల వంచుకొనజేసెను. ఉపన్యసించినది ఒక యువతి. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగినదానిని ఆమె చెప్పెను. అలసిన యొక ఉద్యోగి పొరపాటున ప్రధాన సమాచారకోశమును చెఱిపివేసెను. నకళ్లకొఱకు ఆ సంస్థలో ఒకటి కాదు, అయిదు విధములైన యేర్పాట్లుండెను. వెదకి చూడగా వానిలో ఒక్కటియు నమ్మదగినట్లు పనిచేయుచుండలేదు. నకలు వ్రాయు ప్రోగ్రాము వంటి ముఖ్యమైనది కూడ విఫలమగుచునే యుండెను. విఫలమైనదని తెలుపు ఉత్తరములును పంపబడుచుండెను. గాని ఆ యుత్తరములు తిరస్కరింపబడి ఎవరికిని చేరలేదు. అదృష్టవశమున ఒకరు వేఱు పనికై ఆఱుగంటలముందు తీసియుంచిన ప్రతి దొరకుటచే ఆఱుగంటల సమాచారము మాత్రమే పోయెను. వారు తమ తప్పును దాచక లోకమునకంతకు ప్రకటించిరి.

ప్రశ్నల సమయమున మాలో నొకడు లేచి మన పాఠశాల కథను, వృద్ధురాలి సంగతిని గూడ, ఉన్నదున్నట్లు చెప్పెను. సభ నిశ్శబ్దమాయెను. ఆ యువతి నెమ్మదిగా, "అయ్యా, మీ డిస్కు మీకు అబద్ధము చెప్పలేదు. మీరు దానిని ఏమియు అడుగలేదు" అనెను.

అడుగుట యెట్లో ఆమె వివరించెను. నాగియోస్ వంటి కావలి ప్రోగ్రాములు 1999నుండియు కలవు. 2012లో మొదలైన ప్రొమీథియస్ అనునది ప్రతి కంప్యూటరునొద్దకు కొన్ని సెకనుల కొకసారి తానే పోయి, "బాగున్నావా? డిస్కు ఎంత నిండినది?" అని ప్రశ్నించి బదులును వ్రాసికొనును. బదులు రానిచో సున్న వేయును. వారు మాటాడినపుడు వినుట గాక, తానే పోయి పలుకరించుట దీని పద్ధతి. రాత్రివేళ వీధివీధి తిరిగి ఇంటింటి తలుపును తట్టి చూచు కావలివానిని పోలినది. ఇందు ఆమె మూడు నియమములు చెప్పెను. డిస్కు నిండిన పిదప గాక నిండబోవుచున్నపుడే హెచ్చరిక రావలయును. కీడు జరిగినదను వార్తకొఱకు మాత్రమే గాక, మేలు జరిగినదను వార్త రాకున్నను గంట మ్రోగవలయును. మూడవది, తిరిగి తీసి చదువనంతవఱకు నకలును నకలని పిలువరాదు. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలందురు. మనుష్యుల విషయమున నిజమేమో గాని యంత్రముల విషయమున ఆ సామెతను నమ్మి మేము చెడితిమి.

సాయంకాలము తార్నాకకు మరలివచ్చి ఇరానీ హోటలులో చాయ త్రాగుచు ఈ సంగతినే చర్చించుకొనుచుంటిమి. అదే బల్లయొద్ద కూర్చున్న ఒక వృద్ధుడు మా మాటలు వినుచుండి, "బాబూ, ఇది మీ కంప్యూటర్లవారు కనిపెట్టినది కాదు" అని నవ్విరి. వారు రైల్వే సిగ్నలు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. రైల్వే సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణ నిచ్చు ఇరిసెట్ సంస్థ 1957నుండి ఈ తార్నాకయొద్దనే యున్నది. వారును అచట కొంతకాలము నేర్చినవారే. పాతకాలపు చేతిసిగ్నలును గూర్చి వారు చెప్పిరి. స్తంభముపై చేయి అడ్డముగా నున్నచో రైలు ఆగవలయును. క్రిందికి వంగియున్నచో పోవచ్చును. దూరమున క్యాబినులోని మీటను లాగినపుడు తీగ బిగిసి చేయి వంగును.

"నడుమ తీగ తెగినచో నేమగునో చెప్పుడు" అని మమ్మడిగిరి. గణితబోధకులమైన మేము తడబడితిమి.

"చేతికి వెనుక బరువు కట్టియుండును. తీగ తెగిన మఱుక్షణమే ఆ బరువు చేతిని అడ్డముగా నిలుపును. రైలు ఆగును. తీగ బాగుండి, మనిషి బుద్ధిపూర్వకముగా లాగినపుడు మాత్రమే పొమ్మని చూపును. ఏమియు తెలియనిచో ఆపుటయే మా చదువు" అనిరి.

మే మొండొరుల మొగములు చూచుకొంటిమి. మా యేర్పాటులో తీగ చైత్రముననే తెగినది. చేయి మాత్రము కార్తికము వఱకు పొమ్మనియే చూపుచుండెను. అంతేకాదు, నెలనెలయు "వ్రాయబడుచున్నదండీ" యని పలికిన మేమే ఆ చేయి. ఆ పెద్దకు నమస్కరించి లేచితిమి. వారు మా చాయకు డబ్బు నీయనీయలేదు.

తిరిగివచ్చిన పిమ్మట మేము గొప్ప మేఘమును కట్టలేదు. అంత ధనమును లేదు, అవసరమును లేదు. మూలబడియున్న రెండు పాత కంప్యూటర్లను శుభ్రపఱచి లినక్సు నెక్కించి, వేర్వేఱు గదులలో నుంచితిమి. మిగిలిన పుటలు ఇపుడు మూడు చోట్ల నున్నవి. ప్రతి యుదయమును నకలు ముగిసినదను వార్త రావలయును. ఎనిమిది గంటలలోపల రానిచో మా ఇరువురి ఫోనులును మ్రోగును. ప్రతి మాసమున మొదటి శనివారము పదవతరగతివారు ఇరువురు చీటివేసి ఒక పుటను ఎన్నుకొని, నకలునుండి దానిని తీసి, చదివి, కాగితపు నోటుపుస్తకమున చేవ్రాలు చేయుదురు. ఆ పుస్తకము ప్రధానోపాధ్యాయులవారి బల్లపై నుండును. సమావేశమున వారు ఇపుడు మమ్ము ప్రశ్నింపరు, పుస్తకమును చూతురు. అందు రెండు మాసములు ఎఱ్ఱసిరాతో "పుట తెఱువబడలేదు" అనియున్నది. అవి మాకు సిగ్గు కలిగించినవి గాని, ఆ దినముననే దోషము దిద్దబడెను.

ఇక ఆ వృద్ధురాలి సంగతి. ఆమె యింటికి పోయి క్షమింపుమని వేడుకొంటిమి. ఆమె తన సహపాఠుల పేర్లు కొన్ని చెప్పెను. వారిలో నొకరి యింట ఈ పాఠశాల వార్షికపత్రిక పాత సంచిక దొరకెను. బహుమతులు పొందినవారి పట్టికలో, కుట్టుపనిలో ప్రథమబహుమతి క్రింద ఆమె పేరు అచ్చుపడియున్నది. ఆమె దానిని వ్రేలితో తడవి చాలసేపు చూచెను. గాని పుట్టినతేదీ అందు లేదు. ఆమె పని యింకను తీరలేదు. మేము తిరుగుచునే యున్నాము.

కావున ఈ పత్రికను చదువు తల్లిదండ్రులకును పూర్వవిద్యార్థులకును మా విన్నపమిది. మీ పెట్టెలలో ఈ పాఠశాల పాత పత్రికలు, ప్రోగ్రెసు కార్డులు, టీసీలు, తరగతి ఫొటోలు ఉన్నచో దయచేసి ఒక్కదినము మాకు ఎరవియ్యుడు. మీ యెదుటనే స్కాను చేసి, నకలును తెఱచి చూపి, మీవి మీకే అప్పగించెదము. కంప్యూటరు గది శనివారములలో సాయంకాలము అయిదు గంటలవఱకు తెఱచియుండును.