కోడిపోరు ఊళ్ళో కబడ్డీ

మా కారంపూడిలో పిల్లలకి ఆట నియమాలు నేర్పడమంటే మాటలు కాదు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని షరతు పెట్టుకుని కోళ్ళు వదలడం, మోసమని ఒకరూ కాదని ఒకరూ వాదులాడుకోవడం, చివరికి కత్తులు దూయడం - ఆ పల్నాటి కథ అందరికీ తెలిసిందే. 12వ శతాబ్దంలో ఆ యుద్ధం జరిగింది మా ఊళ్ళోనే. ఇప్పటికీ ఏటా కార్తీకంలో అయిదు రోజులు వీరుల ఉత్సవం చేస్తాం. అందులో ఒకరోజు కోడిపోరుకే. అంచేత మా ఆడపిల్లల కబడ్డీలో ఎవరైనా "అది అవుట్ కాదు" అని గొంతెత్తితే చాలు, గట్టుమీది తాతలు "నాగమ్మ లేచిందిరోయ్!" అంటారు. (నాగమ్మ తరఫున నేను చెప్పాల్సినవీ కొన్ని ఉన్నాయిగానీ, అవి మరోసారి.)

మా అమ్మ దీన్ని చెడుగుడు అనేది. ఇప్పుడది ఆసియా క్రీడల్లో 1990 నుంచి మగవాళ్ళకీ, 2010 నుంచి ఆడవాళ్ళకీ ఉంది. జట్టుకి ఏడుగురు, కూతకి 30 సెకండ్లు. పొగరు చూపిస్తే ముందు ఆకుపచ్చ కార్డు, తర్వాత పసుపుపచ్చది, అంటే రెండు నిమిషాలు బయట, ఆపైన ఎర్రది. ఇలాంటివి మూడు ఇంట్లో కూడా ఉంటే ఎంత బావుండును!

గీతల లోపలి నియమాలతో పేచీ లేదు. చిక్కంతా బయటివాటితోనే. మా జట్టులో జూన్‌లో అందరం చేతులెత్తి ఒప్పుకున్న నియమం ఒకటుంది: చెప్పకుండా మూడు సాయంత్రాలు రాకపోతే తర్వాతి మ్యాచిలో మొదటి సగం బల్లమీదే.

పత్తితీతల రోజుల్లో ఇద్దరు పిల్లలు సరిగ్గా అవే మూడు రోజులు మానేశారు. ఒకమ్మాయి నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళింది. రెండో పిల్ల వాళ్ళమ్మతో పత్తి తీయడానికి పోయింది. కిలోకింత అని కూలి. ఆ రెండో పిల్లే మా జట్టుకి ప్రాణం. ఆ పిల్ల కూతకెళితే అవతలివాళ్ళు వెనకడుగు వేస్తారు.

"పెళ్ళికి పోవడం కూడా తప్పేనా అమ్మా? మా పిల్లని కూర్చోబెట్టి ఆ పిల్లని ఆడిస్తావంటగా?" అని మొదటమ్మాయి నాన్నగారు వచ్చారు. "పేదపిల్ల, పాపం, ఆడించరాదూ?" అని తోటి టీచర్లు. నిజం చెప్పొద్దూ, నా మనసూ అటే లాగింది.

కానీ 2023 అక్టోబరు గుర్తొచ్చింది. హాంగ్‌జౌలో మగవాళ్ళ ఫైనలు, భారతూ ఇరానూ 28-28. ఎవరినీ తాకకుండా పవన్ సెహ్రావత్ పక్కగీత దాటాడు, వెంటపడ్డ ఇరాన్ వాళ్ళూ దాటారు. పాత నియమం ప్రకారం అందరూ అవుటు, కొత్తదాని ప్రకారం అతనొక్కడే. ఏది చెల్లుతుందో తేలక తీర్పు అటూ ఇటూ మారింది. ఆట గంటసేపు ఆగింది. చివరికి 33-29తో మనమే గెలిచాం. సంతోషమే! అయినా ఆ గంట చూసినవాళ్ళెవరూ ఆట మధ్యలో నియమం సంగతి తేల్చుకుందామనరు.

ఇద్దర్నీ కూర్చోబెట్టాను. బల్లమీద ఆ పిల్ల నాకు మాత్రమే వినబడేలా అంది: "చెబుదామనే అనుకున్నా మేడమ్. పత్తికి పోతన్నానని అందరి ముందూ చెప్పలేకపోయా."

చూశారా! పెళ్ళికెళ్ళే పిల్లకి చెప్పడం గొప్ప. కూలికెళ్ళే పిల్లకి చెప్పడమే శిక్ష. "చెప్పకుండా" అన్న ఆ ఒక్కమాట ఇద్దరికీ ఒకటే బరువు కాదు.

రెండో సగంలో ఇద్దరూ దిగారు. అంతరం బాగా తగ్గించారుగానీ మూడు పాయింట్లతో ఓడిపోయాం. మర్నాడు సాయంత్రం అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, నియమాన్ని మళ్ళీ చర్చకి పెట్టాను: రానని ఎవరిచేతనైనా కబురంపితే చాలు, ఎందుకో చెప్పక్కర్లేదు, ఎవరూ అడగకూడదు. చేతులు టకటకా లేచాయి. పెళ్ళికెళ్ళిన పిల్ల మాత్రం కాస్త ఆలోచించి ఎత్తింది.

వాళ్ళ నాన్నగారు ఇప్పుడు ప్రతి మ్యాచికీ వస్తున్నారు. గట్టుమీద కూర్చుని, మా కూలిపిల్ల కూతకెళ్ళినప్పుడల్లా రిఫరీతో ఆయనే ముందు తగువుకి దిగుతున్నారు. ఆయనకి చూపించే కార్డేదీ నా దగ్గర లేదు.