కొన్నది ఎవరి సొత్తు?

హైదరాబాదు నుంచి డాలస్‌కు ఉద్యోగరీత్యా తరలివెళ్లే కుటుంబం 23 కిలోల పెట్టెలు సర్దుకునేటప్పుడు ముందుగా వదిలేసేది సినిమా డిస్కులనే. ‘మాయాబజార్’ మొదలుకొని ఏళ్ల తరబడి కొన్నవన్నీ ఒక చిన్న హార్డ్‌డిస్కులో ఇమిడిపోతాయి. అక్కడ పెరగబోయే పిల్లల చెవిన తెలుగు పడాలంటే ఆ సేకరణ ఎంతో అక్కరకు వస్తుంది.

అయితే చాలా డిస్కులకు డిజిటల్ తాళం ఉంటుంది. దాన్ని తీయనిదే ప్రతి సాధ్యం కాదు. భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, సొంత వినియోగానికి సముచితమైన వాడకాన్ని సినిమాలకూ వర్తింపజేసింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవారికే రెండేళ్ల వరకు జైలుశిక్ష అన్నది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఉద్దేశాన్ని అడగదు. తాళం తీయడమే చట్టవిరుద్ధమంటుంది. సొంత డిస్కును మరో పరికరంలోకి మార్చుకునేందుకు మినహాయింపు కోరిన వినతులు 2012లోనూ, 2015లోనూ తిరస్కరణకు గురయ్యాయి. ప్రయాణానికి ముందు ఇక్కడ సమర్థించుకోగలిగిన పనే, అక్కడ దిగాక చట్టవిరుద్ధమవుతుంది.

స్ట్రీమింగ్ ఉందిగదా అనే వాదన నిలవదు. ప్రసార హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి. ఇక్కడ దొరికిన చిత్రం అక్కడ దొరకకపోవచ్చు. చందాదారుడు అద్దెకున్నవాడే. డబ్బిచ్చి కొన్నవాడినీ అదే స్థితికి దించడం చౌర్యాన్ని అరికట్టడం కాదు. దొంగనూ కొనుగోలుదారునూ వేరుచేసి చూడటం చట్టసభ కనీస ధర్మం. ‘ఉద్దేశం’ అనే ఒక్క మాటతో భారత పార్లమెంటు ఆ పని చేసింది. వాణిజ్య చర్చల బల్లపై ఆ మాట చేజారకుండా చూడవలసింది ఢిల్లీయే.