లైను నంబరు సాక్ష్యం కాదు

ప్రోగ్రాము కూలిపోగానే మనం ముందు చూసేది లైను నంబరు. తర్వాత చేసేది ఆ లైను రాసిందెవరో గిట్‌లో వెతకటం. రెండు నిమిషాల్లో ఒకరి పేరు మెయిల్లోకి ఎక్కుతుంది. ఆ నంబరు ఎక్కణ్ణించి వచ్చిందని మాత్రం మనలో చాలామంది అడగం.

2019లో సంగతి. అప్పట్లో ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కస్టమరు దగ్గర్నుంచి కోర్ డంపు వచ్చింది. జీడీబీ 20వ లైను చూపించింది. అది రాసింది నాచారం నుంచి వచ్చే కొత్త కుర్రాడు. ప్రొబేషను ఇంకా నెల ఉంది. "అన్నా, ఆ లైన్ల పాయింటరే లేదు గదా, ఎట్ల కూలుతది?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అయినా మెయిలు అప్పటికే ముప్ఫైమందికి వెళ్ళిపోయింది.

ఇక్కడ కాస్త వివరం అవసరం, ఓపిక పట్టండి. ప్రాసెసరుకి లైన్లు తెలియవు, అడ్రసులే తెలుసు. ఏ అడ్రసు ఏ లైనుదో కంపైలరు ఒక పట్టికగా రాసి పెడుతుంది. దాని పద్ధతి పేరు డ్వార్ఫ్. పట్టికలో ప్రతి వరుసకీ ఒక జెండా ఉంటుంది: ఈ లైను మీద బ్రేక్‌పాయింటు పెట్టాలంటే ఈ అడ్రసు మంచిదా, కాదా అని. 1993 నాటి రెండో వెర్షనులోనే ఈ జెండా ఉంది. జీసీసీ దాన్ని విరివిగా వాడటం మొదలెట్టింది మాత్రం 2018లో వచ్చిన 8వ వెర్షను నుంచి. మా బిల్డు అంతకు కొద్ది నెలల ముందే దానికి మారింది.

ఓ2 ఆప్టిమైజేషనులో కంపైలరు 22వ లైనులోని మెమరీ చదివే పనిని పైకి జరిపి, 20వ లైను తర్వాత, 21 కంటే ముందు పెట్టింది. దానికి పట్టికలో "22వ లైను, కానీ ఇక్కడ ఆగొద్దు" అని నిజాయితీగానే రాసింది. అప్పటి జీడీబీ "ఆగొద్దు" అన్న వరుసల్ని చదివేటప్పుడే పారేసేది. దాంతో ఆ అడ్రసు 20వ లైను ఖాతాలో పడింది.

హబ్సిగూడ నుంచి నాచారం వెళ్ళే బస్సు దారిలో చెడిపోయిందనుకోండి. పటంలో స్టాపులు మాత్రం ఉంచి మిగతా గుర్తులన్నీ చెరిపేస్తే, బస్సు ఇంకా హబ్సిగూడలోనే ఉందంటుంది. ఎక్కడానికి స్టాపులు చాలు, చెడిపోయిన బండిని వెతకడానికి చాలవు.

రీడ్ఎల్ఫ్‌తో అసలు పట్టిక తీసి, డిసాసెంబ్లీ పక్కన పెట్టి చూశాం. కూలిన ఇన్‌స్ట్రక్షను 22వ లైనుదే. ఆ పాయింటరు వేరే మాడ్యూలు నుంచి ఖాళీగా వచ్చింది. కుర్రాడికి దాంతో సంబంధం లేదు. సవరణ మెయిలు వెళ్ళింది, ప్రొబేషనూ గట్టెక్కింది. కానీ మొదటి మెయిలు చదివిన ముప్ఫైమందిలో రెండోది ఎంతమంది చదివారో!

2020లో జీడీబీ 10వ వెర్షనులో దీన్ని సరిచేశారు. ఇప్పుడు వరుసలన్నీ జెండాతో సహా దాచుకుంటుంది. బ్రేక్‌పాయింటుకి ఆగదగ్గ వరుసలే వాడుతుంది, "ఎక్కడున్నాం" అన్న ప్రశ్నకి అన్నిట్నీ చూస్తుంది. వినడానికి చిన్న మార్పే. ఒకే పట్టికని రెండు వేర్వేరు ప్రశ్నలకి వాడుతున్నామని గుర్తించటమే అసలు విషయం.

మనవాళ్ళు ఫ్రేంవర్కులు నెలకొకటి నేర్చుకుంటారు గానీ, రోజూ వాడే డీబగ్గరు లోపలికి తొంగి చూడరు. "అది టూల్స్ వాళ్ళ పని" అంటారు. సరే, కానీ ఆ టూలు మాట మీద పక్కవాడి రేటింగు తగ్గించేది మనమే కదా?

మీ సర్వర్ల మీద జీడీబీ వెర్షను ఒకసారి చూడండి. 10 కంటే పాతదైతే మార్చండి. కొత్తదైనా సరే, ఆప్టిమైజ్ చేసిన బైనరీ చూపించే లైను నంబరు ఒక ఊహ మాత్రమే. ఎవరి పేరైనా రాసే ముందు డిసాసెంబ్లీ ఒకసారి తెరవండి. పది నిమిషాల పని.