గ్రేట్ స్లేవ్ సరస్సు తీరాన

కెనడా దేశపటాన్ని తెరచి ఉత్తర దిక్కుకు చూపు సారిద్దాం. పైకి పోయేకొద్దీ ఊళ్ల పేర్లు పలుచబడి, సరస్సుల నీలిరంగే ఎక్కువవుతుంది. అక్కడే నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే పాలనా ప్రాంతం ఉంది. దాని విస్తీర్ణం సుమారు 13.46 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన భారతదేశంలో ఐదింట రెండు వంతులు. 2021 జనగణన ప్రకారం అక్కడి జనాభా 41,070 మాత్రమే. సగటున సుమారు 33 చదరపు కిలోమీటర్లకు ఒక్క మనిషి! అందులోనూ దాదాపు సగం మంది ఒకే పట్టణంలో నివసిస్తున్నారు. అది గ్రేట్ స్లేవ్ సరస్సు ఉత్తర తీరాన ఉన్న రాజధాని ఎల్లోనైఫ్.

ఈ సరస్సు పొడవు సుమారు 480 కిలోమీటర్లు. 614 మీటర్ల లోతుతో ఉత్తర అమెరికాలోకెల్లా లోతైన సరస్సుగా పేరొందింది. దక్షిణం నుండి స్లేవ్ నది వచ్చి ఇందులో కలుస్తుంది. పశ్చిమాన మెకంజీ నది బయలుదేరి 1,700 కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఆర్కిటిక్ మహాసముద్రంలో కలుస్తుంది.

‘స్లేవ్’ అంటే బానిస. ఇంత గంభీరమైన జలరాశికి ఈ పేరెందుకు వచ్చిందని మనకు సందేహం కలగడం సహజం. పొరుగున ఉన్న క్రీ తెగవారు తమ ప్రత్యర్థులైన దేనే ప్రజలను పిలిచిన చిన్నచూపు మాటను ఐరోపా వర్తకులు తమ భాషలోకి మార్చుకుని పటంలో రాసుకున్నారు. దేనే ప్రజలకు మాత్రం అది ‘తూ నెదే’, అంటే పెద్ద సరస్సు. నేటికీ ఈ ప్రాంత జనాభాలో సుమారు సగం ఆదివాసులే. ఇక్కడి 11 అధికార భాషల్లో 9 వారివే.

చలికాలంలో సరస్సు గడ్డకట్టి రహదారిగా మారుతుంది. ఎల్లోనైఫ్ నుండి ఎదురుగా ఉన్న దెత్తా అనే దేనే గ్రామానికి నేలమీద చుట్టు తిరిగి వెళితే సుమారు 27 కిలోమీటర్లు. మంచుమీద నేరుగా వెళితే ఆరున్నర కిలోమీటర్లే. కార్లు, లారీలు నీటి మీదుగానే నడుస్తాయి. అయితే మంచు బిగుసుకునే రోజుల్లోనూ, కరిగే రోజుల్లోనూ అది ఎవరి బరువూ మోయదు. 2012లో మెకంజీ నదిపై వంతెన వచ్చే వరకు, ఏటా ఈ రెండు సంధికాలాల్లో రాజధానికే దక్షిణంతో రోడ్డు సంబంధాలు తెగిపోయేవి.

1930ల్లో ఇక్కడ బంగారం బయటపడింది. జనం తక్కువ కాబట్టి, వచ్చినవారు ఈ నేలను ఎవరికీ చెందని బీడుగా భావించారు. 1948లో జెయింట్ గని ఉత్పత్తి ప్రారంభించింది. బంగారం తీయడానికి ఖనిజాన్ని కాల్చినప్పుడు ఆర్సెనిక్ విషధూళి వెలువడి చుట్టుపక్కల మంచుమీద పడేది. దేనే కుటుంబాలు ఆ మంచునే కరిగించి త్రాగేవి. 1951లో ఆ విషానికి ఒక దేనే పసివాడు బలయ్యాడు. 2004లో గని మూతపడింది గాని, సుమారు 2 లక్షల 37 వేల టన్నుల విషధూళి నేటికీ సరస్సు చెంత భూగర్భ గదుల్లో ఉంది. అది నీటిలో కలవకుండా చుట్టూ ఉన్న నేలను శాశ్వతంగా గడ్డకట్టించి ఉంచాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. బంగారం తరలిపోయింది, విషం తీరవాసులకు మిగిలింది. జనం పలుచగా ఉన్నంత మాత్రాన నేల ఖాళీగా ఉన్నట్లు కాదు. అల్లాహ్ ఆదం సంతతికి ప్రసాదించిన గౌరవం జనసంఖ్యను బట్టి హెచ్చేదీ తగ్గేదీ కాదు.

2023 ఆగస్టులో కార్చిచ్చు ఎల్లోనైఫ్ సమీపానికి వచ్చింది. ఊరంతా ఖాళీ చేయవలసిందిగా 16వ తేదీన ఆదేశం వెలువడింది. దక్షిణానికి ఉన్నది ఒకే రహదారి. సుమారు 20 వేల మంది కార్లలో, విమానాల్లో తరలిపోయారు. సెప్టెంబరు మొదటి వారంలో గాని తిరిగి ఇల్లు చేరలేదు. ఇలాంటి చోట పొరుగువాని సాయం బ్రతుకుతెరువులో భాగమని వేరే చెప్పనవసరం లేదు.

ఈ జలమార్గాన సాగిన ఒక ప్రయాణం మనకు మరింత ఆత్మీయమైనది. మెకంజీ నది ముఖద్వారానికి దగ్గరలో, ఆర్కిటిక్ వలయానికి ఆవల ఇన్యువిక్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కొద్దిపాటి ముస్లిములు ఇరుకైన చోట నమాజు చేసుకునేవారు. అక్కడ కట్టడం ఖర్చుతో కూడిన పని కనుక, విన్నిపెగ్ నగరంలో మస్జిద్‌ను నిర్మించి, 2010లో లారీపై గ్రేట్ స్లేవ్ దక్షిణ తీరాన ఉన్న హే రివర్ రేవుకు చేర్చారు. అక్కడి నుండి అది పడవపై సరస్సును, మెకంజీ నదిని దాటుకుంటూ సాగింది. మొత్తం సుమారు 4,000 కిలోమీటర్ల ప్రయాణం! నీరు గడ్డకట్టక ముందే చేరిన ఆ మస్జిద్‌లో అదే ఏడాది నవంబరులో నమాజులు మొదలయ్యాయి.

ఇన్యువిక్‌లో వేసవిలో 50 రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. చలికాలంలో సుమారు నెల రోజులు ఉదయించడు. అందుచేత అక్కడివారు దక్షిణాన ఉన్న ఎడ్మంటన్ నగర వేళలను అనుసరించి నమాజులు, రోజాలు పాటిస్తున్నారు. ధర్మం మనిషిని మోయలేని భారంలోకి నెట్టదనడానికి ఇదొక నిదర్శనం. తరువాతి ఏళ్లలో ఒక ముస్లిం సేవాసంస్థ ఆ ఊళ్లో ఆహారనిధిని కూడా తెరచింది. దూరం వల్ల సరుకుల ధరలు మండిపోయే ఆ చోట, మతభేదం లేకుండా అవసరంలో ఉన్న కుటుంబాలు అక్కడి నుండి తిండిగింజలు తీసుకువెళుతున్నాయి.

ఆ నేలకు బయటివారు రావడం కొత్త కాదు. కొందరు బంగారం కోసం వచ్చి విషం వదిలి వెళ్లారు. మరికొందరు నమాజుకు చోటు వెదుక్కుంటూ వచ్చి, పొరుగువారి వంటింటి గురించి కూడా ఆలోచించారు. మనం ఏ ఊరికి వలస వెళ్లినా, మన తరువాత అక్కడ మిగిలేది ఏమిటన్న ప్రశ్న మన వెంటే వస్తుంది.