సానరాయి దాకా వచ్చిన యుద్ధం
తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌కు పొట్ట చేతపట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. వజ్రాల కార్ఖానాలకు సౌరాష్ట్ర నుంచి, మరమగ్గాలకు ఒడిశా, తెలంగాణల నుంచి. లింబాయత్ వీధుల్లో తెలుగు వినిపించడం వింతేమీ కాదు.

అలాంటి ఊరి నుంచి 23 ఏళ్ల కుర్రాడొకడు 2023 డిసెంబర్‌లో రష్యా వెళ్లాడు. సైన్యానికి సహాయకుడి ఉద్యోగమన్నారు ఏజెంట్లు. తీరా చేరింది యుద్ధరంగానికి. 2024 ఫిబ్రవరి 21న డొనెట్స్క్ ప్రాంతంలో జరిగిన దాడిలో మరణించాడు. మార్చి మొదటి వారంలో అలాంటి కబురే హైదరాబాద్‌లో మరో ఇంటికి చేరింది. చనిపోయింది బట్టల దుకాణంలో పనిచేసిన 30 ఏళ్ల వ్యక్తి, ఇద్దరు పిల్లల తండ్రి.

వీళ్లు భారత సైనికులు కారు. రష్యాకు పరాయివాళ్లు. ఏ దేశపు స్మారక ఫలకం మీద పేరు చెక్కాలో తేలని మరణాలివి.

విచిత్రమేమంటే, ఆ యుద్ధం అప్పటికే సూరత్ సానరాళ్లను తాకింది. రష్యా ముడిరాళ్ల నుంచి తయారైన ఒక క్యారెట్, ఆపై వజ్రాలను, ఎక్కడ సానపట్టినా సరే, 2024 మార్చి 1 నుంచి జీ-7 దేశాలు కాదన్నాయి. రాయి ఏ గనిలో పుట్టిందో ఆరా తీసే లోకం, విమానమెక్కే కుర్రాడు ఏ పనికి వెళ్తున్నాడో అడగలేదు. సీబీఐ కేసు పెట్టి ఏడు నగరాల్లో సోదాలు చేసింది మార్చి 7న.

2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం, రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది. తిరిగొచ్చింది 96 మంది, చనిపోయింది 12 మంది. మరో 16 మంది జాడ తెలియదంది రష్యా.