హ్యాండ్‌గార్డ్ కొనాలా, పెల్లెట్లు కొనాలా?

మా బావమరిది పెళ్ళికి గాజులు కొనాలని మా ఆవిడ నన్ను లాడ్ బజార్‌కి లాక్కెళ్ళింది. చార్మినార్ నుంచి పడమరకి తిరిగితే మొదలయ్యే ఆ వీధిలో మగాళ్ళకి పనులు రెండే: సంచులు మొయ్యడం, పర్సు తియ్యడం. ఆ రెంటి మధ్య దొరికిన ఖాళీలో నేను ఫోన్లో ఒక హ్యాండ్‌గార్డ్ బొమ్మని పెద్దది చేసి, చిన్నది చేసి చూస్తూ నిలబడ్డాను. ధర తొమ్మిది వేలు.

హ్యాండ్‌గార్డ్ అంటే రైఫిల్ బారెల్ కింద ఎడం చెయ్యి ఆనే భాగం. మిలిటరీ తుపాకుల్లో కాల్చేకొద్దీ బారెల్ వేడెక్కుతుంది, చెయ్యి కాలకుండా అది ఉండాలి. మా అమ్మాయిది పది మీటర్ల ఎయిర్ రైఫిల్, గాలితో పేలేది. వేడి గొడవే లేదు. (4.5 మి.మీ. బోరు, 20 జూళ్ళ శక్తి దాటకపోతే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు కూడా అక్కర్లేదు. "ఇంట్లో తుపాకీయా!" అని కంగారు పడే చుట్టాల కోసం ఈ ముక్క :)) మరి హ్యాండ్‌గార్డ్ ఎందుకంటే, నిలబడి కాల్చేవాళ్ళు ఎడమ మోచేతిని నడుము ఎముక మీద ఆనించి, ఆ చేతి మీద రైఫిల్‌ని నిలబెడతారు. చెయ్యి పొట్టిదైతే సైట్ కంటి దాకా రాదు. అప్పుడు పిల్ల మెడ వంచుతుంది, నడుం వంకర పెడుతుంది. హ్యాండ్‌గార్డ్ కింద ఒక ఎత్తు దిమ్మ ఉంటే ఆ బాధ తప్పుతుంది. రేంజ్‌లో మిగతా పిల్లలకి మెరిసే అల్యూమినియంవి ఉన్నాయి, ఎత్తు మార్చుకునేవి.

"అందరికీ ఉంది నాన్నా, నాకు తప్ప. ఇలాగైతే మానేస్తా" అని ముందు రోజు రాత్రి ఏడ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. రెండు నెలల్లో జిల్లా పోటీలు. నా పిసినారితనం వల్ల పిల్ల వెనకబడుతోందా అన్న అనుమానం ఏ తండ్రినైనా నిద్రపోనివ్వదు.

లెక్కలేసే జబ్బు మా వృత్తిలో అందరికీ ఉంటుంది కదా. పోటీలో 60 షాట్లు. ప్రాక్టీసులో రోజుకి వంద అనుకుంటే, వారానికి నాలుగు రోజులకి 400. ఐదు వందల పెల్లెట్ల డబ్బా తొమ్మిది రోజులు కూడా రాదు. మేం వాడే దేశవాళీ డబ్బా 450 రూపాయలు పడుతోంది. అంటే ఆ తొమ్మిది వేలు ఇరవై డబ్బాలు, పదివేల షాట్లు, ఆరునెలల ప్రాక్టీసు. అప్లికేషన్ స్లోగా ఉందంటే కోడ్ చూడకుండా కొత్త సర్వర్ ఆర్డరిచ్చే మేనేజర్లని తిట్టుకునే నేనే, ఇప్పుడు "బయ్ నౌ" మీద వేలు పెట్టి నిలబడ్డాను.

ఆవిడ బేరం తెగేలా లేదు. పక్కన ఒకాయన బొగ్గుల మీద లక్కని మెత్తబరిచి, చెక్క పనిముట్టుతో సాగదీసి గాజుగా చుడుతున్నాడు. ఆయన రాళ్ళు ఒక్కొక్కటే అద్దే తీరు చూస్తే మన కీబోర్డు పనంతా దండగనిపిస్తుంది. (హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది.) ఆయన పనిముట్టు పిడికి గుడ్డ చుట్టి ఉంది, ఆ చెక్క ఆయన అరచేతి ఆకారంలోకి అరిగిపోయి ఉంది. నాకు బుర్రలో లైటు వెలిగి, రైఫిల్ కింద లక్క పోసి ఎత్తు చెయ్యొచ్చా అని అడిగేశాను. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి నవ్వాడు. "నక్కో సాబ్! కింద పడితే పగుల్తది, ఎండల పెడితే మెత్తబడ్తది. లకడీ పెట్టుకోండి" అన్నాడు.

కొత్త ఇల్లు కట్టుకున్న మా కొలీగ్ దగ్గర ద్వారబంధం చేయగా మిగిలిన టేకు ముక్క ఉంది. వడ్రంగికి రెండు వందలిచ్చి దిమ్మ చెక్కించాను, రెండు మరలతో బిగించాం. అమ్మాయి పిడికిలి ఆనే చోట దానిచేతే ఉప్పు కాగితంతో రుద్దించాను. మొహం మాడ్చుకునే రుద్దింది.

మొదటి దిమ్మ దండగైంది. నేను రూల్ చదవలేదు! బారెల్ మధ్య గీత నుంచి హ్యాండ్‌గార్డ్ అడుగు దాకా 120 మి.మీ. దాటకూడదు, రైఫిల్ మొత్తం బరువు ఐదున్నర కిలోలు దాటకూడదు. మాది ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. ఇంట్లో కొలిచాం కాబట్టి సరిపోయింది. అదే పోటీ రోజు కొలిచి ఉంటే ఏమయ్యేదో తల్చుకోకపోవడం మంచిది.

మిగిలిన డబ్బు పెల్లెట్లకే పెట్టాను, కానీ అక్కడా గుడ్డిగా కొనకూడదు. రైఫిల్‌ని దిండు మీద కదలకుండా ఆనించి, నాలుగు రకాలతో పదేసి షాట్లు కాల్చి చూశాం. బాగా ఖరీదైన విదేశీ రకం మా బారెల్‌కి రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానంలో వచ్చిన రకం, అదే లాట్ నంబరువి రెండు డబ్బాలు పోటీకి దాచాం. మిగతా రోజులకి దేశవాళీవి, అందులో అంచు నొక్కుకుపోయినవి ఏరి పక్కన పెడతాం. అన్నిటికన్నా చవక ఖాళీగా కాల్చడం. మా రైఫిల్‌లో దానికి విడిగా ఏర్పాటుంది. స్ప్రింగ్ గన్‌తో మాత్రం ఈ పని చెయ్యొద్దు, పిస్టన్ పాడవుతుంది. ఇంకోటి, పెల్లెట్లు సీసంవి. చేతులు కడిగాకే బిస్కెట్ ముట్టుకోవాలి. ఇది మా ఇంట్లో రోజూ జరిగే యుద్ధం.

ఇదంతా చెప్పి డబ్బుతో పనిలేదు అంటే అబద్ధమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన గగన్ నారంగ్‌కి రైఫిల్ కొనడానికి వాళ్ళ నాన్న స్థలం అమ్మారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. పదో రింగు అర మిల్లీమీటరు చుక్క. ఆ స్థాయిలో టేకు ముక్కలు సరిపోవు. నాకు అమ్మడానికి స్థలం లేదు, ఉంటే అమ్ముతానా అన్నది రాత్రిళ్ళు నన్ను నేను అడుక్కునే ప్రశ్న.

జిల్లా పోటీలో షాటుకి సగటు 9.1 నుంచి 9.4కి వచ్చింది. పతకం రాలేదు. పెరిగింది దిమ్మ వల్లా, మధ్యలో కాల్చిన మూడు వేల షాట్ల వల్లా అంటే, రెండూ ఒకేసారి మార్చాం కాబట్టి చెప్పలేను. టెస్టింగ్ వాళ్ళు నన్ను క్షమించాలి. ఆ రోజు పక్క లేన్ అబ్బాయి, అల్యూమినియం వాడేవాడు, "ఈ చెక్కది ఎక్కడ కొన్నారు అంకుల్?" అని అడిగాడు. మా అమ్మాయి నాకంటే ముందు "లాడ్ బజార్" అని చెప్పేసింది.