గాలి పోయే దారి

మా చిన్నాయన నీళ్ల బండి నడిపిన రోజుల్లో కోలారు జిల్లాకు కె.సి. వ్యాలీ నీళ్లు ఇంకా రాలేదు. బెంగళూరు కోరమంగల–చల్లఘట్ట లోయలోని మురుగునీటిని శుద్ధి చేసి మా చెరువుల్లోకి పంపడం 2018లో మొదలైంది. అంతకు ముందు ఎండాకాలాలు వరసగా కరువుతోనే గడిచాయి. ఏడాది పొడుగునా పారే నది జిల్లాలో ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా కొన్నిచోట్ల దుమ్మే లేచేది. నీళ్లు పడినచోట ఫ్లోరైడ్ భయం. తాగడానికి పనికొచ్చే బోరు ఎవరి తోటలో ఉందో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసేది.

మా ఊరు కె.జి.ఎఫ్. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) కష్టం ఇంకొక రకం. గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ కాలం నుంచీ బేతమంగలం దగ్గర పాలారు చెరువు నీళ్లే పైపుల్లో గనుల ఊరికి వచ్చేవి. చెరువే ఎండిపోతే పైపులేం చేస్తాయి? 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఊట తోడే పంపులు ఆగిపోయి, సొరంగాలు నీళ్లతో నిండుతూ వచ్చాయి. పైన గని కార్మికుల లైన్ల ఇళ్లలో కాపురాలు చేసేవాళ్లు మాత్రం తాగునీళ్లు బిందె లెక్కన కొనుక్కున్నారు.

చిన్నాయన ఒక పాత గూడ్సు బండి కొని, దాని మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు బిగించాడు. బంగారుపేట వైపు ఒక తోటలోని బోరు దగ్గర నీళ్లు పట్టుకుని మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ లైన్లలో అమ్మేవాడు. కాలేజీ సెలవుల్లో నేను సాయంగా వెళ్లేవాణ్ణి. బండి మలుపు తిరగకముందే రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉండేవి.

మొదట్లో ట్యాంకు మూత ఊరికే పైన పెట్టి ఉండేది. కానీ మా ఊళ్లో సైనైడ్ దిబ్బలున్నాయి. బంగారం తీశాక మిగిలిన రాతిపొడిని వందేళ్లపాటు పోసిన గుట్టలవి. ఎదురుగాలి వీచిన రోజు ఆ తెల్లటి పొడి కళ్లల్లో, అన్నంలో, ఆరేసిన బట్టల మీద పడేది. తాగే నీళ్లలో అది పడకూడదని చిన్నాయన మూత కింద రబ్బరు వాషరు వేసి బోల్టులు బిగించాడు. నీళ్లు పట్టడానికి ట్యాంకు పైభాగంలో ఒక పైపు పెట్టించాడు. లోపలి గాలి పోవడానికి అర అంగుళం ట్యూబు ఒకటి తగిలించి, దాన్ని వెనకనుంచి కిందికి వంచి కట్టాడు. ఆయన చేసింది మంచి పనే. నీళ్లు శుభ్రంగా ఉన్నాయని ఆడవాళ్లు మా బండి కోసమే ఆగేవాళ్లు.

ఎండలు ముదిరాక ట్యాంకు నిండడం మందగించింది. అరగంట పని గంటకు, గంట పని గంటన్నరకు సాగింది. తోటలో త్రీఫేజ్ కరెంటు ఉండేదే కొన్ని గంటలు. మా వెనక ట్రాక్టర్ ట్యాంకర్లు నిలబడి హారన్లు కొట్టేవి. కరెంటు పోతే సగం ట్యాంకుతోనే బయల్దేరాలి. ఆ సగం ట్యాంకు లైనులో సగం ఇళ్లకే సరిపోయేది. చివరి ఇళ్లవాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని మౌనంగా తిరిగిపోవడం చూడలేక చిన్నాయన తల దించుకునేవాడు.

తలా ఒక మాట చెప్పారు. బోరులో నీళ్లు తగ్గాయన్నారు కొందరు. మోటారు పని అయిపోయిందన్నారు ఇంకొందరు. చిన్నాయన కొత్త హోసు కొన్నాడు. పైపు మొదట్లో ఉన్న జల్లెడ విప్పి, దానికి పట్టిన సున్నపు పెచ్చు గీకేశాడు. మా నేల నీళ్లు గట్టివి, ఏ పైపులోనైనా ఆ తెల్లటి పెచ్చు కడుతుంది. అయినా పెద్దగా మార్పు రాలేదు.

అప్పుడు మా పెద్దనాయన వచ్చాడు. ఛాంపియన్ రీఫ్ గనిలో వెంటిలేషన్ విభాగంలో పని చేసి, గని మూతతో ఇంట్లో కూర్చున్న మనిషి. తోట దగ్గర బండి దిగీ దిగగానే ఇరవై లీటర్ల క్యాను అడిగాడు. నేను హోసు కింద పెట్టబోతే ఆపాడు.

“కింద కాదప్పా. బండి ఎక్కి, ట్యాంకు నోరు ఎంత ఎత్తులో ఉండాదో అంత ఎత్తున పట్టి కొలువు. ఎత్తు పెరిగితే ధార తగ్గతాది.”

క్యాను నలభై సెకన్లకు నిండింది. ఆ లెక్కన వెయ్యి లీటర్లకు అరగంట దాటి మూడు నాలుగు నిమిషాలు పట్టాలి. బోరు మీద, మోటారు మీద, హోసు మీద వేసిన నిందలన్నీ ఆ ఒక్క కొలతతో తీరిపోయాయి. తప్పు ట్యాంకులోనే ఉంది.

హోసు మళ్లీ తగిలించాక ఆయన ట్యాంకు పక్కగోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నన్నూ ఆనించమన్నాడు. గోడ బిగుసుకుని, బయటికి ఉబ్బి ఉంది. మూత అంచున సన్నగా బుస వినిపిస్తోంది.

“కుళాయి విప్పితే నీళ్లెట్ల వస్తాయిరా?” అని చిన్నాయనను అడిగాడు.

“మొదట జోరుగా వస్తాయన్నా. తరవాత సన్నగిల్లి, గుటకలు వేసినట్ల ఆగి ఆగి పడతాయి.”

“నింపేటప్పుడూ కష్టమే, వదిలేటప్పుడూ కష్టమే. రెండింటికీ పని ఉండే దారి ఒకటే కదరా. నీళ్ల సంగతి వదిలి గాలి సంగతి చూడు.”

మూత బోల్టులు వదులు చేయించాడు. ఒక్కసారిగా గాలి బుస్సుమని బయటికి తన్నుకొచ్చింది. ఆ క్షణం నుంచి లోపల పడే నీళ్ల చప్పుడే మారిపోయింది. అంతవరకూ నసుగుతూ పడిన ధార బరువుగా దబదబ పడసాగింది.

గాలి ట్యూబు ఊడదీసి చూస్తే, బయటి కొసకు కట్టిన జాలీ ఎప్పుడో ఊడిపోయింది. లోపల కందిరీగ మట్టిగూడు కట్టింది. ఇనుప తీగతో పొడిస్తే ఎర్రమట్టి ఉండలుగా రాలింది. పని అయిపోయిందనుకుని చిన్నాయన ట్యూబు యథాప్రకారం బిగించబోయాడు. పెద్దనాయన ఒప్పుకోలేదు. ట్యూబును వెలుతురుకెత్తి, అది కిందికి జారి మళ్లీ పైకి లేచే వంపు చూపించాడు. అందులో జానెడు మేర నీళ్లు నిలిచి ఉన్నాయి. గుంతల రోడ్డు మీద ట్యాంకు కుదిపినప్పుడు ఒలికినవి అవి. గాలి బయటికి రావాలంటే ప్రతిసారీ ఆ నీళ్లను తోసుకుని రావాలి. గూడు తీసినా ఈ వంపు ఉన్నంతకాలం ట్యాంకు మొరాయిస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే ట్యూబు తీసేశాం. దాని స్థానంలో అంగుళం పైపు ఎక్కడా వంపు లేకుండా నిలువుగా లేపి, కొసను గొడుగు కర్రలా కిందికి తిప్పి, సన్నటి స్టీలు జాలీ కట్టాం. కొస కిందికి చూస్తుంటే దిబ్బల పొడి నేరుగా లోపల పడదు. మూత బోల్టులు మునుపటిలాగే గట్టిగా బిగించాం. మరునాడు కరెంటు ఉండగానే ట్యాంకు నిండింది. చివరి ఇంటి బిందె దాకా నీళ్లు అందాయి.

దారిలో పెద్దనాయన గని కబుర్లు చెప్పాడు. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాతి వేడే 60 డిగ్రీలు దాటేది. ఒక షాఫ్టులోంచి గాలి దిగాలి, లోపలంతా తిరగాలి, ఇంకొక షాఫ్టులోంచి పైకి పోవాలి. “బయటికి పోయే దారి మూసుకుంటే, లోపలికి ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా దండగే” అన్నాడు. ఆ దారులు తెరిచి ఉంచడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఎందరి ఊపిరో దాని మీద ఆధారపడింది.

తర్వాత మిగతా నీళ్ల బండ్లవాళ్లు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. అందరికీ ఆయన చెప్పిన వరస ఒకటే: ముందు ట్యాంకు ఎత్తున ధార కొలవండి, తర్వాత మూత తెరిచి తేడా చూడండి, తేడా కనబడితే గాలి దారి వెంట వేలు పెట్టుకుంటూ కొస దాకా వెళ్లండి. ఏదీ కొనకముందే ఇదంతా చేయండి.

గని మూతపడినప్పుడు దేశం బంగారం లెక్కలు చూసుకుంది. పంపు, పైపు, గాలి, రాయి తెలిసిన వేల మంది ఒక్కరోజులో పనిలేనివాళ్లయ్యారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు ఆ చిన్న ఇళ్లలోనే ఉన్నారు, అడిగితే గంటలకొద్దీ చెబుతారు. మా ఊరికి నీళ్ల పథకం గీసే ఇంజనీర్లు కాగితం తియ్యకముందు ఆ గడపల్లో కూర్చుని వాళ్లను అడగాలి. చెప్పినదాన్ని పేరుపేరునా రాసిపెట్టాలి.